వాపో, ముప్పో తేల్చేది బీపీ

వాపును చూసి బలుపు అనుకోకూడదని తెలుగు సామెత. నెలలు నిండుతున్న గర్భిణి విషయంలో దీనికి మరో ముక్క చేర్చాలి. ప్రతి వాపునూ చూసి ముప్పనీ అనుకోకూడదు. ఢిల్లీ ఎండలు 45 డిగ్రీలు తాకే మే, జూన్‌లలో ఎనిమిదో నెలలోనో, తొమ్మిదో నెలలోనో ఉన్న మహిళకు సాయంత్రమయ్యేసరికి చెప్పులు పట్టకపోవడం, మడమ పైన వేలితో నొక్కితే గుంట పడటం, ఉంగరం వేలికి బిగుసుకుపోవడం సర్వసాధారణం. ఇంట్లో పెద్దవాళ్లు ''ఒంటికి నీరు పట్టింది, కాన్పయితే అదే తీసేస్తుంది'' అంటారు. అడుగు తీసి అడుగు వేయలేని గర్భిణి మాత్రం ''ఇక నా వల్ల కాదు, నొప్పులు రావడానికి సూది వేయించండి'' అంటుంది. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. వైద్యుల్ని అడగకుండా దేన్ని పాటించినా ప్రమాదం కూడా ఉంది.

మొదట పెద్దవాళ్ల మాట. గర్భంతో ఉన్నప్పుడు మహిళ శరీరంలో రక్తం పరిమాణం సుమారు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. నెలలు నిండేసరికి శరీరం మామూలు కంటే 6 నుంచి 8 లీటర్ల నీటిని అదనంగా నిల్వ చేసుకుంటుంది. ప్రసవంలో పోయే రక్తాన్ని తట్టుకోవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. మరోపక్క పెరిగిన గర్భాశయం కాళ్ల నుంచి గుండెకు రక్తాన్ని చేరవేసే పెద్ద సిర మీద బరువు మోపుతుంది. పైకి వెళ్లాల్సిన రక్తం కాళ్లలో నిలిచి, దానిలోని నీరు కణజాలంలోకి ఊరుతుంది. వేడికి రక్తనాళాలు మరింత వ్యాకోచిస్తాయి. అందుకే పొద్దున లేచేసరికి తగ్గి, రాత్రికి పెరిగే వాపు, రెండు కాళ్లకూ సమానంగా ఉండే వాపు, బీపీ మామూలుగా ఉన్నంత కాలం బాధే తప్ప జబ్బు కాదు.

ఒకప్పుడు వైద్యులు కూడా ఇలా అనుకునేవారు కాదు. అధిక రక్తపోటు, మూత్రంలో ప్రొటీను, వాపు ఈ మూడింటినీ కలిపి గర్భవాతపు లక్షణాలుగా పాఠ్యపుస్తకాలు చెప్పేవి. ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల్లోనూ వాపు ఇంత విరివిగా కనిపిస్తున్నప్పుడు దాన్ని జబ్బుకు కొలమానంగా ఎలా తీసుకోవాలన్న ప్రశ్న వచ్చింది. 2000లో అమెరికా నిపుణుల బృందం వాపును ఆ జాబితా నుంచి తీసేసింది. 2013లో అక్కడి ప్రసూతి నిపుణుల సంఘం ఇంకో అడుగు వేసి, మూత్రంలో ప్రొటీను లేకపోయినా బీపీతో పాటు కాలేయం, మూత్రపిండాలు, ప్లేట్‌లెట్లు దెబ్బతింటే అది ప్రీ ఎక్లాంప్సియాయేనని తేల్చింది.

గుర్రపువాతం నీడ

తెలుగువారు గుర్రపువాతం అని భయపడేది ఈ జబ్బుకే. 20 వారాలు దాటిన గర్భిణికి బీపీ 140/90 లేదా అంతకు మించి ఉండటం దీనికి తొలి గుర్తు. 160/110కు చేరితే అది అత్యవసర పరిస్థితి. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మెదడులో రక్తస్రావం కావచ్చు, మాయ గర్భాశయం నుంచి ముందే విడిపోవచ్చు, కడుపులోనే బిడ్డ చనిపోవచ్చు. ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో 2 నుంచి 8 శాతం మంది దీని బారిన పడతారని అంచనా. ప్రసూతి మరణాల కారణాల్లో రక్తస్రావం తర్వాతి స్థానం అధిక రక్తపోటుదే.

ఈ జబ్బు మూలం కాళ్లలో లేదు, మాయలో ఉంది. గర్భం తొలి నెలల్లో మాయకు రక్తాన్ని తెచ్చే నాళాలు తగినంతగా వెడల్పు కావు. రక్తం చాలని మాయ నుంచి వెలువడే పదార్థాలు తల్లి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, వాటి గోడల నుంచి నీరు, ప్రొటీను కారిపోతాయి. అప్పుడు వచ్చే వాపు తీరు వేరు. అది కాళ్లకే పరిమితం కాదు. ఒకటి రెండు రోజుల్లోనే ముఖం, కళ్ల చుట్టూ, చేతులు ఉబ్బుతాయి. రాత్రి నిద్రపోయి లేచినా తగ్గదు. వారంలోనే కిలోకు మించి బరువు పెరుగుతుంది. దానికి తోడు తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, మూత్రం తగ్గడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగడం కూడా తగదు. ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి, వేడి ఉంటే అది ఇంకో రకం ముప్పు. సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే పరీక్షించాలి.

మరో కారణాన్నీ మన దేశంలో మరవకూడదు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. తీవ్రమైన రక్తహీనత కూడా ఒళ్లు ఉబ్బేలా చేస్తుంది. అంటే వాపు గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎంత ఉంది' అని కాదు, 'బీపీ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత, మూత్ర పరీక్షలో ఏముంది' అని.

నొప్పులు తెప్పించడం ఎప్పుడు?

ఇప్పుడు గర్భిణి మాట. మాయ బయటికి వస్తే తప్ప ప్రీ ఎక్లాంప్సియా పూర్తిగా నయం కాదు. అందుకే ఈ జబ్బులో కాన్పే మందు. ఎప్పుడు అనేదే అసలు ప్రశ్న. 36 నుంచి 41 వారాల మధ్య ఉండి, బీపీ పెరిగిన లేదా స్వల్ప ప్రీ ఎక్లాంప్సియా ఉన్న 756 మంది మహిళల మీద నెదర్లాండ్స్‌లో జరిపిన అధ్యయనం 2009లో వెలువడింది. నొప్పులు తెప్పించిన వారిలో తల్లికి సమస్యలు ఎదురైంది 31 శాతం మందికి, వేచి చూసిన వారిలో 44 శాతం మందికి. సిజేరియన్లు కూడా పెరగలేదు. అప్పటి నుంచి 37 వారాలు నిండితే ఇలాంటి వారికి నొప్పులు తెప్పించడం ప్రపంచమంతటా పద్ధతిగా మారింది. జబ్బు తీవ్రంగా ఉంటే 34 వారాల తర్వాతే, బీపీని అదుపులోకి తెచ్చి కాన్పు చేస్తారు. అంతకంటే ముందైతే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ సూదులిచ్చి, నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ ఉన్న పెద్దాస్పత్రిలో రోజులు లెక్కపెడుతూ నిలబెడతారు.

బీపీ, ఇతర పరీక్షలు మామూలుగా ఉండి వాపు ఒక్కటే బాధిస్తుంటే లెక్క మారుతుంది. 37, 38 వారాల్లో పుట్టిన బిడ్డలకు 39 వారాలు నిండి పుట్టిన వారికంటే ఊపిరి సమస్యలు ఎక్కువ. కాబట్టి కేవలం వాపు కోసం 39 వారాల లోపు తొందరపడటం సబబు కాదు. 39 నిండాక మాత్రం ఆ కోరికను వైద్యులు కొట్టిపారేయాల్సిన పని లేదు. తొలిచూలు, ఏ ఇబ్బందీ లేని 6,106 మంది మహిళలపై అమెరికాలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో 39వ వారంలో నొప్పులు తెప్పించిన వారిలో 18.6 శాతం మందికి, వేచి ఉన్న వారిలో 22.2 శాతం మందికి సిజేరియన్ అయింది. నొప్పులు తెప్పిస్తే కోత ఖాయమన్న పాత భయం ఆ లెక్క ముందు నిలవలేదు. అయితే గంట గంటకూ కనిపెట్టుకుని చూసే సిబ్బంది, ఓపిక పట్టే పద్ధతి ఉన్న ఆస్పత్రుల లెక్క అది. అవి లేని చోట అదే ఫలితం వస్తుందని అనుకోలేం.

ఈ లెక్కలన్నీ వారాల మీదే ఆధారపడ్డాయి కాబట్టి వారాలు సరిగ్గా తెలియడం ముఖ్యం. చివరి నెలసరి తేదీ గుర్తులేని వారికి తొలి మూడు నెలల్లో తీసిన స్కాన్ చెప్పే తేదీయే నమ్మదగింది. తొమ్మిదో నెలలో తీసిన స్కాన్‌ను బట్టి వారాలు నిర్ణయిస్తే రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు.

నాగపూర్ చెప్పిన పాఠం

నొప్పులు తెప్పించడమంటే ఒక్క సూదితో అయ్యే పని కాదు. ముందు గర్భాశయ ముఖద్వారం మెత్తబడి తెరుచుకోవాలి. అది ఎంత సిద్ధంగా ఉందో అంచనా వేసే బిషప్ స్కోరును 1964 నుంచి వైద్యులు వాడుతున్నారు. సిద్ధంగా లేకపోతే ప్రోస్టాగ్లాండిన్ జెల్, మిసోప్రోస్టాల్ మాత్ర లేదా ఫోలీ గొట్టం చివరి బుడగతో మెత్తబరుస్తారు. ఆ తర్వాత ఉమ్మనీటి సంచిని తెరిచి, సెలైన్‌లో చుక్క చుక్కగా ఆక్సిటోసిన్ ఇస్తారు. తొలి కాన్పులో ఇదంతా ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఈ సంగతి ముందే చెబితే బంధువులు ''ఇంకా కాలేదా'' అని డాక్టరును తొందరపెట్టరు.

ఈ విషయంలో మంచి అధ్యయనాల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. నాగపూర్‌లోని ప్రభుత్వ ఆస్పత్రుల్లో బీపీ ఉన్న 602 మంది గర్భిణుల్లో సగం మందికి 25 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్‌ను రెండేసి గంటలకు నోటి ద్వారా ఇచ్చారు, మిగతా సగం మందికి ఫోలీ గొట్టం వాడారు. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం 24 గంటల్లో సహజ కాన్పు మాత్ర తీసుకున్న వారిలో 57 శాతం మందికి, గొట్టం వాడిన వారిలో 47 శాతం మందికి అయింది. చవకైన మాత్ర, ఖరీదైన పరికరం అక్కర్లేని పద్ధతి. అదే నగరంలో 894 మంది మీద జరిగి 2019లో వెలువడిన మరో అధ్యయనం నిఫెడిపిన్, లాబెటలాల్, మిథైల్‌డోపా మాత్రలు మూడూ తీవ్రమైన బీపీని నోటి ద్వారానే తగ్గించగలవని చూపింది. అయితే ముందు సిజేరియన్ అయిన వారికి మిసోప్రోస్టాల్ ఇవ్వకూడదు. పాత కుట్టు దగ్గర గర్భాశయం చిట్లే ప్రమాదముంది.

ఫిట్స్ రాకుండా ఆపే మందు ఇంకా చవక. 33 దేశాల్లో 10 వేల మందికి పైగా మహిళలపై జరిపి 2002లో ప్రకటించిన మ్యాగ్‌పై అధ్యయనం, మెగ్నీషియం సల్ఫేట్ గుర్రపువాతం ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని రుజువు చేసింది. మన మార్గదర్శకాల ప్రకారం ఏఎన్ఎం కూడా దీని మొదటి మోతాదు ఇచ్చి గర్భిణిని పెద్దాస్పత్రికి పంపవచ్చు. మందు లేక చనిపోవాల్సిన జబ్బు కాదిది. గుర్తించడంలో, చేర్చడంలో జరిగే జాప్యమే ప్రాణం తీస్తుంది.

ఢిల్లీకి సంబంధించినంత వరకు ఆక్సిటోసిన్‌కు ఒక కోర్టు కథ కూడా ఉంది. పాడి పశువులకు దుర్వినియోగం చేస్తున్నారంటూ కేంద్రం 2018లో ప్రైవేటు కంపెనీలు ఈ మందు తయారు చేయకూడదని నిషేధించి, ఒక్క ప్రభుత్వ రంగ సంస్థకే ఆ బాధ్యత అప్పగించింది. ప్రసవానంతర రక్తస్రావాన్ని ఆపే ప్రధాన ఔషధం కొరవడితే తల్లుల ప్రాణాల మీదికి వస్తుందన్న వాదనతో ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరు 14న ఆ ఉత్తర్వును కొట్టేసింది. వివాదం తర్వాత సుప్రీంకోర్టుకు చేరింది. అసలు దుర్వినియోగం మనుషుల్లోనూ ఉంది. కొలత లేకుండా ఇంట్లోనో, ఆర్ఎంపీ దగ్గరో కండకు వేసే 'నొప్పుల సూది' గర్భాశయాన్ని చిట్లగొట్టగలదు, బిడ్డకు ఆక్సిజన్ అందకుండా చేయగలదు. ఈ మందు స్థానం ఆస్పత్రిలోనే.

కోత తొందర

నొప్పులు తెప్పించే ఓపిక లేని చోట సిజేరియన్ దగ్గరి దారి అవుతుంది. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆస్పత్రుల్లో అవి 47.4 శాతం, ప్రభుత్వాస్పత్రుల్లో 14.3 శాతం. ఢిల్లీలో మొత్తమ్మీద 23.6 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో ఏకంగా 60.7 శాతం. ముహూర్తం చూసుకుని కోత పెట్టించుకునే అలవాటు ఉన్న సమాజం నుంచి ఢిల్లీ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ అంకెను గుర్తు పెట్టుకోవాలి. నొప్పులు తెప్పించడం విఫలమైందని చెప్పాలంటే, తల్లీబిడ్డలు క్షేమంగా ఉన్నంత వరకు, ఉమ్మనీటి సంచి తెరిచి ఆక్సిటోసిన్ మొదలుపెట్టాక కనీసం 12 నుంచి 18 గంటలు చూడాలన్నది నిపుణుల మాట. ఎంతసేపు చూస్తారని ముందే అడగడం డాక్టరును అనుమానించడం కాదు.

పురిటికి పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కో, విశాఖకో రైల్లో 24 గంటలకు పైగా ప్రయాణం. కాళ్లు వేలాడేసి అంతసేపు కూర్చుంటే వాపు పెరుగుతుంది, సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పూ ఉంది. 35, 36 వారాలు దాటితే చాలా విమానయాన సంస్థలు ఎక్కించుకోవు. వెళ్లాలనుకుంటే ఏడో నెల చివరికల్లా వెళ్లాలి. బీపీ పెరగడం మొదలయ్యాక పుట్టింటివాళ్లే ఢిల్లీకి రావడం మేలు.

సరిహద్దు దాటితే

దేశ రాజధాని ప్రాంతంలో గర్భిణికి మరో చిక్కు ఉంది. ఇల్లు నోయిడాలోనో, ఘజియాబాద్‌లోనో ఉండవచ్చు, పని ఢిల్లీలో, పెద్దాస్పత్రి యమునకు ఆవల. ఉత్తరప్రదేశ్, హర్యానా, ఢిల్లీ ప్రభుత్వాల పరిధులు ఒక్క గంట ప్రయాణంలో మారిపోతాయి. 2010 జూన్ 4న ఢిల్లీ హైకోర్టు, ఫరీదాబాద్‌లో కాన్పు తర్వాత మరణించిన ఒక మహిళ, ఢిల్లీలో చెట్టు కింద ప్రసవించిన మరో మహిళ కేసుల్లో తీర్పు చెబుతూ, గర్భధారణను, ప్రసవాన్ని దాటి బతికి ఉండే హక్కు జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. ఒక రాష్ట్రంలో పేదరికపు కార్డున్న మహిళ మరో రాష్ట్రానికి వస్తే వైద్యం నిరాకరించరాదని స్పష్టం చేసింది. 2018 అక్టోబరులో అదే హైకోర్టు, ఉత్తరప్రదేశ్ సరిహద్దున ఉన్న గురు తేగ్ బహదూర్ ఆస్పత్రిలో ఢిల్లీ వాసులకు ప్రాధాన్యమిస్తూ ప్రభుత్వం జారీ చేసిన ఉత్తర్వును రద్దు చేసింది.

తీర్పులు ఉన్నాయి. అయినా 2020 జూన్ 5న ఘజియాబాద్ జిల్లా ఖోడా ప్రాంతానికి చెందిన 8 నెలల గర్భిణి ఊపిరి ఆడని స్థితిలో 13 గంటల పాటు ఎనిమిది ఆస్పత్రుల చుట్టూ తిరిగి అంబులెన్సులోనే ప్రాణాలు విడిచింది. అవి కోవిడ్ రోజులే కావచ్చు. కానీ పడకలు లేవన్న మాట, పెద్దాస్పత్రికి వెళ్లమన్న మాట కోవిడ్‌తో మొదలు కాలేదు, దానితో పోలేదు. అందుకే బీపీ ఉన్న గర్భిణి ఏ ఆస్పత్రికి వెళ్లాలో, అక్కడ కాదంటే రెండోది ఏదో, రాత్రివేళ వాహనం ఏదో 32 వారాలకే నిర్ణయించుకోవాలి. సఫ్దర్‌జంగ్, లేడీ హార్డింజ్‌కు అనుబంధంగా ఉన్న సుచేతా కృపలానీ వంటి ఆస్పత్రుల్లో ముందే పేరు నమోదు చేయించుకుని, కార్డు చేతిలో ఉంచుకోవడం మంచిది. 2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రుల్లో సిజేరియన్‌తో సహా కాన్పు, మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9న గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారు.

వాపుతో రోజులు గడపడం

పరీక్షలన్నీ సవ్యంగా ఉన్న గర్భిణికి మిగిలేది బాధను తగ్గించుకునే మార్గాలే. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే పెద్ద సిర మీద బరువు తగ్గుతుంది. రోజులో రెండు మూడుసార్లు కాళ్లను దిండ్ల మీద ఎత్తు పెట్టుకోవాలి. నిలబడి వంట చేయడం, కాళ్లు వేలాడేసి గంటల తరబడి ఆఫీసులో కూర్చోవడం రెండూ వాపును పెంచేవే. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, కూర్చున్న చోటే పాదాలు ఆడించాలి. మెడ లోతు నీళ్లలో నిలబడితే నీటి ఒత్తిడికి కాళ్ల వాపు తగ్గుతుంది. ఈత కొలను అందుబాటులో ఉన్నవారికి ఇది మంచి ఉపశమనం. సాగే మేజోళ్లను పొద్దున మంచం దిగక ముందే తొడుక్కోవాలి. ఉంగరాలు, గాజులు బిగుసుకోక ముందే తీసేయాలి. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కితే మణికట్టు దగ్గర నరం మీద వాపు నొక్కుతోందని అర్థం. మణికట్టు వంగకుండా పట్టీ కడితే చాలావరకు నెమ్మదిస్తుంది.

నీళ్లు మానేస్తే నీరు తగ్గుతుందనుకోవడం పొరపాటు. ఢిల్లీ ఎండలో అది ఇంకా ప్రమాదం. ఉప్పు పూర్తిగా మానేయడం వల్ల బీపీ జబ్బు రాకుండా ఆగదు. ఊరగాయ, అప్పడం, చిప్స్ తగ్గించుకుంటే చాలు. బార్లీ నీళ్లు తాగితే నష్టం లేదు, కానీ అవి బీపీకి మందు కావు. పల్లేరు కాయల కషాయం వంటివీ, మూత్రం ఎక్కువయ్యే మాత్రలూ సొంతంగా వాడకూడదు. ముందు కాన్పులో బీపీ వచ్చినవారు, కవలలను మోస్తున్నవారు, మధుమేహం ఉన్నవారు మళ్లీ గర్భం దాల్చినప్పుడు మూడో నెలలోనే ఆస్పిరిన్ గురించి వైద్యుల్ని అడగాలి. ముప్పు ఎక్కువున్న వారికి 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి రోజూ 150 మిల్లీగ్రాములు ఇస్తే, 37 వారాల లోపు వచ్చే ప్రీ ఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గిందని 2017 నాటి అధ్యయనం చెబుతోంది.

చివరి నెలల్లో ఇంట్లో బీపీ యంత్రం ఉంటే మంచిది. ఐదు నిమిషాలు ఊరుకుని కూర్చున్నాక, వీపు ఆనించి, చేతిని గుండె ఎత్తులో పెట్టి చూసి, తేదీతో రాసి పెట్టుకోవాలి. 140/90 దాటితే ఆ రోజే ఆస్పత్రికి. 160/110 అయితే ఆ క్షణమే.

కాన్పయ్యాకా ఈ పుస్తకం మూసేయకూడదు. సెలైన్ ఎక్కించిన వారికి మొదటి కొన్ని రోజులు వాపు పెరగడం మామూలే, ఒకటి రెండు వారాల్లో తీసేస్తుంది. బీపీ మాత్రం కాన్పయిన మూడు నుంచి ఆరు రోజుల మధ్య ఎక్కువగా పెరుగుతుంది. అంటే చాలామంది ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక. గుర్రపువాతం కాన్పు తర్వాత కూడా రావచ్చు. బాలింత తలనొప్పి అంటే నిద్ర చాలకనో, చలిగాలి తగిలో అని సరిపెట్టుకునే ఇళ్లలో ఈ ఒక్క మాట తెలిసి ఉండాలి.

దేశంలో లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు 2014-16లో 130 ఉండగా 2018-20కి 97కు తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. తగ్గడానికి అద్భుతాలేవీ జరగలేదు. సమయానికి బీపీ చూడటం, సమయానికి మందివ్వడం, సమయానికి కాన్పు చేయడం ఎక్కువ చోట్లకు చేరాయి. తొమ్మిదో నెలలో ఉబ్బిన కాళ్లతో వచ్చిన మహిళకు ఓపిక పట్టమని చెప్పే ముందు, నొప్పులకు సూది వేసే ముందు, ఆమె చేతికి పట్టీ చుట్టి ఆ అంకె చూడటానికి పట్టేది రెండు నిమిషాలు.